పైచూపు బిడ్డలు

బిడ్డ పుట్టేటప్పుడు నేల చూస్తూ పుడుతుంది. ముందు మాడు కనిపిస్తుంది, తర్వాత నుదురు, కళ్ళు, ముక్కు కిందివైపుగా జారి వస్తాయి. మనం ముఖం చూసేసరికి అది ఏడుపుకి సిద్ధంగా ఉంటుంది. చాలామంది అలాగే వస్తారు. కొందరు మాత్రం పైకి చూస్తూ వస్తారు. తల బయటపడుతుంది, ఒళ్ళింకా లోపలే ఉంటుంది, ఏడుపు రాదు, కళ్ళు మాత్రం తెరుచుకుని ఉంటాయి. ఆ కాసేపూ ఆ బిడ్డ మిమ్మల్నే చూస్తుంది. మొదటిసారి నేను చూసిన రోజున పక్కనున్న ఆయా చేతిలో బకెట్టు అక్కడే వదిలేసి వరండాలోకి పరిగెత్తింది.

మా మేనకోడలి కూతురు నర్సింగులో చేరి, "అమ్మమ్మా, నీ ఉద్యోగం గురించి రాసిపెట్టు, చదువుకుంటా" అని నా ప్రాణం తీస్తోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు చోట్లా పురుళ్ళు పోస్తూనే నా వయసంతా గడిచింది. బదిలీలు, ఇంక్రిమెంట్లు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకి కోడికూర వండించడాలు, వీటి గురించి రాస్తే నాకే ఆవులింతలొస్తాయి. పైచూపు బిడ్డల గురించి రాస్తాను. ఇందులో కొంత మీ పుస్తకాల్లో ఉంటుంది. కొంత ఉండదు. ఉండనిదాన్ని మీరు నమ్మాలని నేను అడగడం లేదు, నేను నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు.

డాక్టరమ్మ

అరవైల మొదట్లో తెనాలిలో ఒక ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌గా చేరాను. చదువు అప్పుడే అయింది, పొగరు మాత్రం పుట్టుకతోనే ఉంది. నా పైన ఒక లేడీ డాక్టరు ఉండేవారు. పొట్టి మనిషి, మహా కోపిష్టి, నవ్వితే వార్డంతా వినిపించేది. ఊరంతా ఆవిడని డాక్టరమ్మ అనేవాళ్ళు. మొదటి రోజే నన్నొక గర్భిణి దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమన్నారు.

"చెయ్యి పెట్టు. ఏం తగిలింది?"

"బిడ్డండి."

"బిడ్డ కాక బీరకాయ తగులుద్దా? వీపు ఎటుంది, అది చెప్పు."

వీపు తల్లి పొట్ట వైపు ఉంటే చేతికి నున్నగా, గట్టిగా తెలుస్తుంది. వీపు తల్లి వెన్నెముక వైపు ఉంటే, పైచూపు బిడ్డలంటే వీళ్ళే, బొడ్డు చుట్టూ పల్లంగా ఉంటుంది, ముందంతా చిన్న చిన్న మోకాళ్ళు, మోచేతులు తగులుతాయి. గొట్టం పెట్టి వింటే గుండె చప్పుడు మధ్యలో దొరకదు. ఎక్కడో డొక్క పక్కన, గోడ అవతల ఎవరో దంచుతున్నట్టు వినిపిస్తుంది. అలాంటి తల్లికి నొప్పులొస్తే పొట్ట పట్టుకోదు, నడుం పట్టుకుంటుంది. నొప్పులు సాగి సాగి చంపుతాయి. దారి పూర్తిగా తెరుచుకోకముందే ముక్కాలనిపిస్తుంది. ముక్కనిచ్చారో, తల్లి అలిసిపోతుంది, దారి వాచిపోతుంది, బిడ్డ అక్కడే ఇరుక్కుపోతుంది.

నందివెలుగు నుంచి ఒక హెడ్మాస్టరుగారి కోడలు నెలలు నిండుతుండగా చూపించుకోవడానికి వచ్చింది. తొలిచూలు. ఇంట్లో ఆమెని అడుగు కింద పెట్టనివ్వడం లేదు. పొద్దస్తమానం మామగారి పడక కుర్చీలో వెనక్కి వాలి ఉంటోందట. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, "ఆ కుర్చీ మీ మామగారికి ఇచ్చెయ్యి. నువ్వు నేల తుడువు" అన్నారు. పక్కనున్న అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

"మా కోడలు నేల తుడవాలాండీ? మా ఇంట్లో పనిమనిషి ఉందండీ."

"ఆ పనిమనిషి బిడ్డ తిన్నగానే ఉంటుందమ్మా. మీ కోడలి బిడ్డే వెనక్కి తిరిగి కూర్చుంది."

తర్వాత నాకు విడిగా చెప్పారు. బిడ్డకి వీపే బరువు. తల్లి వెనక్కి వాలితే ఆ బరువు తల్లి వెన్ను మీదికి జారుతుంది. తల్లి ముందుకి వంగితే, చేతులూ మోకాళ్ళ మీద దోగాడితే, పొట్ట ఉయ్యాలలా వేలాడుతుంది, వీపు మెల్లగా ముందుకొస్తుంది. నొప్పుల్లో కూడా అదే పని. చాలామంది బిడ్డలు మనమేమీ చెయ్యకపోయినా నొప్పుల్లో తిరుగుతారు, అదీ నిజమే. "మనం ఎవర్నీ తిప్పం, తిరగడానికి చోటిస్తాం. చోటివ్వడానికి ఓపిక కావాలి, అది మన డిపార్ట్‌మెంట్‌లో తక్కువ" అనేవారు. నేను చూసిన చెడిపోయిన కాన్పుల్లో ఎక్కువ భాగం తొందర వల్లే చెడ్డాయి. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పగలను.

పాలెం

కొన్నేళ్ళకి బాపట్ల వైపు వేశారు. సముద్రం వైపు పల్లెలన్నీ నావే. బస్సు దిగి, సరుగుడు తోటల్లోంచి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే ఒక చేపలవాళ్ళ పాలెం వచ్చేది. పేరు రాయను.

మొదటిసారి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం. మగవాళ్ళు వేటకి వెళ్ళారు, ఆడవాళ్ళు చేపల గంపలతో ఊళ్ళ మీదికి వెళ్ళారు. కుక్క కూడా మొరగలేదు. ఒక పాకలోకి తొంగి చూశాను. నెలలు నిండిన అమ్మాయి చాప మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండు పక్కలా చాపుకుని, తాటాకు కప్పు వైపు చూస్తోంది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను. తల తిప్పలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిరిగి, మళ్ళీ కప్పు వైపు వెళ్ళిపోయాయి. రెండిళ్ళ అవతల ఇంకొక గర్భిణి, అదే పడక, అదే చూపు. ఆ ఊళ్ళో ఏదో జబ్బు తిరుగుతోందనుకున్నాను. అప్పుడు గమనించాను, ఏ ఇంట్లోనూ ఒక్క కుండ కూడా బోర్లించి లేదు. కడిగిన చట్టీలు, గంపలు, ఆఖరికి పిల్లలు ఆడుకునే కొబ్బరిచిప్పలు కూడా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి.

ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దావిడ నా తొట్రుపాటు చూసి నవ్వింది. ఆవిడ పేరు పోలమ్మ.

"జబ్బేం లేదు నర్సమ్మా. మొగుళ్ళు నీళ్ళ మీద ఉన్నారు."

"ఉంటే?"

"కడుపుతో ఉన్న ఆడది బోర్లకూడదు. ఇక్కడ ఇది బోర్లితే అక్కడ పడవ బోర్లుద్ది. వంగి ఊడవకూడదు, పక్కకి ఒత్తిగిలకూడదు. ఆళ్ళు దరికొచ్చిందాకా ఇట్టాగే."

"రోజంతానా?"

"రోజంతా. నేను ఇద్దర్ని మోసినప్పుడూ అట్టాగే పడుకున్నా. మా పిల్లలు పైచూపుతోనే పుడతారు. అయ్య పడవ వచ్చిందో లేదో చూసుకుంటా పుడతారు."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, పైచూపు లేని బిడ్డలే వింత అన్నట్టు. ఆ పాలెం నుంచి మా ఆసుపత్రికి వచ్చే కాన్పులు ఎందుకంత కష్టమవుతున్నాయో నాకప్పుడు అర్థమైంది. బాపట్లలో మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన చదువున్నవాడే, మనిషి కూడా చెడ్డవాడు కాదు. "మూఢనమ్మకం. నాలుగు కేకలెయ్యి, వాళ్ళే వింటారు" అన్నారు. నేను కేకలేశాను. తర్వాతి నెల వెళ్తే ఆ పాలెంలో తలుపులన్నీ వేసి ఉన్నాయి. ఒక్క పోలమ్మే మంచినీళ్ళిచ్చి, "అరిస్తే గాలి ఆగుద్దా నర్సమ్మా?" అని అడిగింది. ఆ రోజు నుంచి అరవడం మానేశాను.

కాంతం

పోలమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నాగూరు, వాడి భార్య కాంతం. చిన్నవాణ్ణి అందరూ చిన్నోడనే పిలిచేవారు. మీసం వచ్చీ రాని వయసు, నేను వెళ్తే నా సంచీ లాక్కుని బస్సు దాకా మోసుకొచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వేటకి వెళ్ళేవారు. వాళ్ళ నాన్న సముద్రంలోనే పోయాడు, అప్పటికి చిన్నోడు పాలు తాగుతున్నాడు.

ఒకరోజు పొద్దున్నే పోలమ్మ నుంచి కబురొచ్చింది. కాంతానికి ముందురోజు నుంచీ నొప్పులు. పడవ కనుమరుగయ్యాక మొదలయ్యాయట. ఆ రోజుల్లో ఒక రాత్రి నీళ్ళ మీదే ఉండి మర్నాడు సాయంత్రానికి వచ్చేవాళ్ళు. నేను వెళ్ళేసరికి కాంతం చాప మీద వెల్లకిలా ఉంది. పెదవులు ఎండిపోయాయి. అరిచే ఓపిక కూడా అయిపోయింది, నడుం కింద పిడికిలి పెట్టుకుని కప్పు వైపు చూస్తోంది. చెయ్యి వేశాను. బొడ్డు చుట్టూ పల్లం. గుండె చప్పుడు ఎక్కడో డొక్కలో, నెమ్మదిగా ఉంది. నాకు నచ్చనంత నెమ్మదిగా. మంచం మీద ఆసుపత్రికి మోసుకెళ్దామంటే దారి చాలావరకు తెరుచుకుంది, ఇసుక మధ్యలో ఏదైనా అయితే చెయ్యడానికి ఏమీ ఉండదు.

"కాంతం, లేచి చేతులూ మోకాళ్ళ మీద ఉండాలమ్మా. బిడ్డ వెనక్కి తిరిగి ఉంది. ఇట్లాగే పడుకుంటే ఇద్దరూ దక్కరు."

"ఆయన నీళ్ళ మీద ఉన్నాడు" అంది. బతిమాలాను, గడ్డం పట్టుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, అయినా తల అడ్డంగా కూడా ఊపలేదు. తల పక్కకి తిరుగుతుందని భయం. గుమ్మంలో ఇద్దరు ఇరుగమ్మలు నిలబడి నన్ను శత్రువుని చూసినట్టు చూస్తున్నారు.

పోలమ్మ ముందుకొచ్చింది. కోడలి ముఖం చూసింది, నా ముఖం చూసింది. "నిజంగా దక్కదా?" అని అడిగింది. దక్కదన్నాను. ఆవిడ లేచి మూలనున్న చాప తెచ్చి కోడలి పక్కన పరిచింది.

"నేను పడుకుంటా. నువ్వు బోర్లు."

"అత్తా..."

"నీకు మొగుడు కాకముందు ఆడు నా కడుపులో ఉన్నాడే. చిన్నోడికి పెళ్ళాం కూడా లేదు. ఇద్దర్నీ నేను మోస్తా. నువ్వు నీ బిడ్డ సంగతి చూసుకో."

అలా అని వెల్లకిలా పడుకుంది. గుమ్మంలో ఉన్న ఇద్దరూ ఈ మార్పిడి చెల్లుతుందో లేదో తేల్చుకోలేక, చూడటానికి భయపడి సముద్రం వైపు వెళ్ళిపోయారు. కాంతం నా భుజం ఆసరాతో మెల్లగా తిరిగి, పసిపిల్ల దోగాడినట్టు మోకాళ్ళ మీద నిలబడింది.

ఆ మధ్యాహ్నం గురించి ఎంత రాసినా సరిగా రాయలేను. బయట ఎండ మండుతోంది. లోపల ఒక ఆడది నేల చూస్తూ, ఒక ఆడది కప్పు చూస్తూ ఉన్నారు. పోలమ్మ ముఖం మీద ఈగ వాలింది, తోలుకోలేదు. కాంతానికి నొప్పి వచ్చినప్పుడల్లా నేను నడుం రుద్దుతున్నాను. మధ్యలో పోలమ్మ నాతో కాదు, ఎవరితోనూ కాదు, మెల్లగా మాట్లాడుతోంది.

"వల లాగుతున్నారు."

కాసేపటికి, "గాలి మళ్ళింది" అంది.

"పోలమ్మా, నువ్వు నోరు మూసుకుని పడుకోవా" అన్నాను. కోపం కాదు, భయం. ఎందుకంటే ఆవిడ ఒళ్ళు కదులుతోంది. ఆవిడ కదిలించడం లేదు. కింద నీళ్ళున్నట్టు, భుజం కొంచెం పైకి లేచి దిగుతోంది, మళ్ళీ తుంటి లేచి దిగుతోంది. చాప కింద చూశాను. ఇసుక నేల, ఇంకేమీ లేదు. మీరు నా చోట ఉంటే మీరూ చూసేవారు.

ఇంతలో నా చేతి కింద బిడ్డ తిరిగింది. ఆ తిరగడం ఒక్కసారి చేతికి తెలిస్తే మరిచిపోలేరు, పెద్ద చేప నీళ్ళలో పక్కకి తిరిగినట్టు పొట్టంతా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జారుతుంది. గొట్టం పెట్టాను. చప్పుడు డొక్కలోంచి బొడ్డు వైపుకి వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. చివర్లో ముక్కడానికి కాంతాన్ని గొంతుక్కూర్చోబెట్టాను. రెండుసార్లు బాగా ముక్కింది. మూడోసారి కళ్ళు తేలేసి వెనక్కి ఒరిగిపోయింది. నా రెండు చేతులూ బిడ్డ తల దగ్గర ఉన్నాయి. వెనక నుంచి చంకల్లో చేతులేసి నిలబెట్టే మనిషి కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

"పోలమ్మా, లే! పట్టుకో!"

ఆవిడ కదల్లేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"లేవక తప్పదా నర్సమ్మా?"

"తప్పదు."

లేచింది. లేస్తూ బరువెత్తుకున్నప్పుడు వచ్చేలాంటి మూలుగు మూలిగింది. కోడల్ని వెనక నుంచి గట్టిగా ఒడిసి పట్టుకుని, "ముక్కు తల్లీ, ముక్కు" అంది. ఆడపిల్ల. నేల చూస్తూ పుట్టింది, పుట్టగానే పాలెమంతా వినిపించేలా ఏడ్చింది. నేను బొడ్డు కోస్తుండగానే పోలమ్మ మనవరాలి వైపు చూడకుండా వెళ్ళి చాప మీద వెల్లకిలా పడుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఈసారి ఒళ్ళు కదల్లేదు.

"ఇప్పుడు కింద ఏమీ లేదు నర్సమ్మా" అంది. "ఉత్త నేలే."

సాయంత్రం

పడవని ఇంకొక పడవ లాక్కొచ్చింది. నాగూరు అందులో కూర్చుని ఉన్నాడు. చిన్నోడు లేడు. పొద్దు నెత్తి మీద ఉన్నప్పుడు వల లాగుతుంటే గాలి మళ్ళి పడవ బోల్తా కొట్టిందట. ఇద్దరూ పట్టుకుని వేలాడారట. ఒక అల వచ్చి వెళ్ళాక పక్కన తమ్ముడు లేడట. నాగూరు ఇది చెబుతూ పసిపిల్లవాడిలా తల గోడకేసి కొట్టుకున్నాడు.

లోపల కాంతం బిడ్డని పక్కన పడేసి ఏడవడం మొదలుపెట్టింది. "నేను బోర్లాను అత్తా. నేనే చంపాను ఆణ్ణి." ఆ అమ్మాయికి ఆ మాట పట్టుకుంటే ఇక జన్మలో వదలదని నాకు తెలుసు. పాలు రావు, బిడ్డ ముఖం చూడదు, అలాంటివి చూశాను. ఏదో చెప్పబోయాను. పోలమ్మ నన్ను ఆపి కోడలి పక్కన కూర్చుంది. ఆవిడ కళ్ళలో ఒక్క చుక్క లేదు.

"నువ్వు బోర్లితే నీ మొగుడు పోవాల. ఆడు బయట కూర్చున్నాడు, చూడు. నీ ఒంతు నీకొచ్చింది. నీ చోట పడుకుంది నేను, లేచింది నేను. చిన్నోడు నా ఒంతు. దాని మీద నీకేం హక్కు లేదు, ఏడవమాకు. పిల్లకి పాలియ్యి."

నిజంగా కోపంగానే అంది. కాంతం నోరు మూసుకుని బిడ్డని తీసుకుంది. నన్ను సాగనంపడానికి పోలమ్మ సరుగుడు తోట దాకా వచ్చింది. తనే చెప్పింది.

"నువ్వు నన్ను లెమ్మని పిలిచావని దానికి ఎప్పుడూ గుర్తు చెయ్యమాకు. పిలవకపోతే అది పోయేది. నాకు తెలుసు."

ఆ తర్వాత చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నేను పిలవడం తప్పని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. గాలి పోలమ్మ లేచినందుకు మళ్ళలేదు. ఆ రోజు అదే గాలికి పక్క పాలెం పడవ కూడా బోల్తా పడింది, ఆ పడవ వాళ్ళింట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆవిడ చూపు ఒకటి నాతో బస్సెక్కి వచ్చేసింది, ఏం చెయ్యను?

అడగడం

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇది. వీపు ఎటుందో చూడటం నెల రోజుల్లో నేర్చుకుంటారు. తల్లి వంగడానికి ఏది అడ్డొస్తోందో అడగడం నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. కొందరికి సిగ్గు, కొందరికి అత్తగారు, కొందరికి మంచం వదలకూడదన్న పెద్దరికం. భట్టిప్రోలు వైపు నాట్లేసే ఆడవాళ్ళకి ఈ బాధే లేదు, నెలలు నిండేదాకా నడుం వంచే ఉంటారు, బిడ్డలు తిన్నగా వస్తారు. సముద్రం ఒడ్డున మాత్రం అడ్డొచ్చేది పడవ. అందుకని పాలేల్లో నేనే ముందు అడగడం మొదలుపెట్టాను, "ఎవరైనా నీళ్ళ మీద ఉన్నారామ్మా? నీ బదులు ఎవరు పడుకుంటారు?" అని. అత్తో తల్లో చాప వేసుకుని పడుకునేది. అమ్మాయి ధైర్యంగా వంగేది. బిడ్డ తిరిగేది. మా డాక్టరమ్మ వింటే వార్డంతా వినిపించేలా నవ్వేవారు, తర్వాత ఒక చాప ఇచ్చి పంపేవారు.

ఇంకొకటి కూడా చేసేదాన్ని. పడుకున్న మనిషిని లేపాల్సిన పని పడకుండా, కాన్పుకి నాతో ఇంకొకరు ఉండేలా చూసుకునేదాన్ని. ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

రేపల్లె

డెబ్భైల్లో రేపల్లె వేశారు. నాగూరు, కాంతం అప్పటికే ఆ ఒడ్డు వదిలేసి రేపల్లె వైపు కాంతం పుట్టింటి పాలేనికి వచ్చేశారు. నాగూరు ఆ నీళ్ళని చూడలేకపోయాడట. నీళ్ళు మారాయి గానీ పని మారలేదు. పోలమ్మ కూడా వాళ్ళతోనే వచ్చి, కొన్నేళ్ళు మనవరాలిని పెంచి, నేను ఆ ఊరు వెళ్ళేలోపే పోయింది. కాంతం తల్లి అంతకుముందే పోయింది.

కాంతానికి మళ్ళీ నెలలు నిండాయి. మళ్ళీ బిడ్డ వెనక్కి తిరిగే ఉంది. నాగూరు నీళ్ళ మీద ఉండగా నొప్పులొచ్చాయి. నేను ఒక ఇరుగమ్మని తోడు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ఆ ఇరుగమ్మ కొడుకు కూడా వేటకెళ్ళాడు, ఆమె సముద్రం వైపు పరిగెత్తింది. ఆమెని నేను తప్పుపట్టను. కాంతం కూతురు పక్కింట్లో పిల్లలతో ఉంది, ఇక నేనూ కాంతమూ మిగిలాం.

పాతవాటిలో ఒక్కటీ గుర్తు చెయ్యకుండా, "నీ బదులు ఎవరు పడుకుంటారే?" అన్నాను. ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

కాంతం మూలకి చూపించింది. చుట్టి పెట్టిన పాత చాప. "పరవండి" అంది. పక్కన పరిచాను. ఆ ఉత్త చాప వైపు కాంతం కాసేపు చూసింది. ముఖంలో ఉన్న భయం మెల్లగా దిగిపోయింది. "సరే లెండి, అత్త పడుకుంది" అని తిరిగి మోకాళ్ళ మీద నిలబడింది.

మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తాను. ఆ సాయంత్రం గాలి తగ్గింది, పడవలన్నీ దరికి వచ్చాయి, నాగూరు కూడా వచ్చాడు. మగబిడ్డ పుట్టాడు. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు.

నేను చెప్పాలనుకుంటున్నది అంతకుముందు సంగతి. బిడ్డ తిరిగాడు. గొంతుక్కూర్చుని ముక్కుతూ ముక్కుతూ కాంతం వెనక్కి ఒరిగిపోయింది. నా చేతులు బిడ్డ తల మీద ఉన్నాయి. వెనక నుంచి పట్టుకునే మనిషి లేదు. నా తల దానంతట అదే చాప వైపు తిరిగింది. ఉత్త చాపే. తెరిచిన నోట్లో పేరు సగం దాకా వచ్చింది. జీవితమంతా లెక్క ప్రకారం మాట్లాడిన మనిషిని, గాలి ఎందుకు మళ్ళుతుందో తెలిసినదాన్ని. ఆ పేరు మింగేశాను. కాంతం చేతులు నా మెడ చుట్టూ వేసుకుని, మెడ నరాలు తెగిపోతాయనిపిస్తున్నా ఆమె బరువంతా నేనే మోస్తూ, ఒంటి చేత్తో బిడ్డని అందుకున్నాను. పోలమ్మని పిలవలేదు. పిలిస్తే లేస్తుంది.